సిరా చెరిగినా అప్పు చెరగదు

2021 నవంబరులో తిరుపతి, చిత్తూరు ప్రాంతాలను ముంచెత్తిన వర్షాలను ఇక్కడివారు ఇంకా మరచిపోలేదు. ఆ రాత్రి చిత్తూరులోని మా ఇంట్లోకి మోకాలి లోతు నీరు వచ్చింది. బియ్యం బస్తాలను, పరుపులను, పిల్లల పుస్తకాలను మంచాల మీదికి ఎక్కించాము. అలమర అడుగు అరలో ఉన్న ఒక్క పుస్తకం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. అది అంతకు మూడు వారాల ముందు అల్లాహ్ సన్నిధికి చేరుకున్న మా అబ్బాజాన్ లెక్కల పుస్తకం.

అబ్బాజాన్ చిన్నపాటి బట్టల వ్యాపారి. ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో, ఎవరికి ఎంత ఇచ్చారో ఆ పుస్తకంలో తన ఇంకు పెన్నుతో రాసుకునేవారు. జనాజా నమాజుకు ముందు మా అన్నగారు వరుసల ఎదుట నిలబడి, “మా అబ్బాజాన్ ఎవరికైనా బాకీ ఉంటే దయచేసి మమ్మల్ని అడగండి. ఆ బాధ్యత ఇక మాది” అని ప్రకటించారు. పుస్తకం చూసి ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళి తీర్చడం మొదలుపెట్టాము. సగం పని కూడా కాకముందే వాన వచ్చింది.

నీరు తీసిన తరువాత పుటలు ఒక్కొక్కటిగా విడదీసి నీడలో ఆరబెట్టాము. ఆశ్చర్యమేమంటే పాత పుటలలోని అక్షరాలన్నీ దాదాపు చెక్కుచెదరలేదు. అంచులు ఉబ్బాయి, కాగితం పసుపెక్కింది, అయినా పేర్లు, అంకెలు స్పష్టంగా చదవగలిగాము. చివరి రెండు పుటలు మాత్రం లేత నీలి మబ్బులా మారిపోయాయి. అదే చేయి, అదే కలం, అదే కాగితం. మారినది సిరా ఒక్కటే.

అబ్బాజాన్ జీవితమంతా నీలి-నలుపు సిరానే వాడారు. కరోనా రోజులలో దుకాణాలు మూతపడ్డాయి, ఆయన సీసా అడుగంటింది. అప్పుడు మనవడి బడి సంచిలోని ముదురు నీలం సిరా నింపుకున్నారు. పిల్లల చొక్కాల మీద మరక పడితే ఉతుకులో పోయేలా తయారుచేసిన సిరా అది. చొక్కా మీద నుంచి పోయేది కాగితం మీద నుంచి కూడా పోతుందని మాలో ఎవరూ ఆలోచించలేదు.

కలం మీద ప్రమాణం

ఇంకు పెన్ను అనగానే చాలామందికి అదొక సరదా వస్తువుగా తోస్తుంది. పాళీ సన్నదా, లావుదా, మూత తిప్పేదా, నొక్కేదా అని ముచ్చటించుకునే విషయం. ఆ ముచ్చటలో తప్పేమీ లేదు. కానీ విశ్వాసి ఇంట్లో కలానికి మరో స్థానం కూడా ఉంది. దైవప్రవక్త (స)పై అవతరించిన తొలి వాక్యాలలోనే, అల్లాహ్ కలం ద్వారా మనిషికి తెలియని దానిని నేర్పాడన్న ప్రస్తావన ఉంది. దివ్యఖుర్‌ఆన్‌లోని 68వ సూరా పేరే ‘అల్ ఖలమ్’. అది కలం మీద ప్రమాణంతో మొదలవుతుంది. భూమి మీది వృక్షాలన్నీ కలాలైనా, సముద్రాలన్నీ సిరా అయినా అల్లాహ్ వచనాలు తరగవని 31వ, 18వ సూరాలు మనకు బోధిస్తాయి.

దివ్యఖుర్‌ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయతు దేని గురించో తెలిస్తే కొందరు ఆశ్చర్యపోతారు. అల్ బఖరా సూరాలోని ఆ 282వ ఆయతు అప్పును వ్రాతలో పెట్టుకోవడం గురించి చెబుతుంది. గడువుతో కూడిన అప్పును రాసుకోవాలి, రాసేవాడు న్యాయంగా రాయాలి, అప్పు తీసుకున్నవాడే చెప్పి రాయించాలి, సాక్షులుండాలి, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందరాదు అన్నది దాని సారాంశం. వీలునామా రాయవలసిన వ్యక్తి అది రాసి తన దగ్గర ఉంచుకోకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఆ మాట విన్న నాటి నుంచి తాను ఒక్క రాత్రి కూడా వీలునామా లేకుండా గడపలేదని దానిని ఉల్లేఖించిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) తెలిపారు.

వ్రాత పురుషుల సొత్తు మాత్రమే కాదు. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి)కు రాయడం నేర్పారు. బద్ర్ యుద్ధ ఖైదీలలో చదువు వచ్చినవారు మదీనా పిల్లలకు రాయడం నేర్పి విడుదల పొందిన సంగతి మనమంతా విన్నదే. ఇంత విలువైన పనికి వాడే సాధనాన్ని మనం ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నామన్నదే ఇక్కడ ప్రశ్న.

శ్రీకాళహస్తి నలుపు రహస్యం

పాత పుటలు ఎందుకు నిలిచాయో నాకు అర్థమైనది ఒక శ్రీకాళహస్తి పనివారి ఇంట్లో. తిరుపతికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని ఆ ఊరు కలంకారీ వస్త్రాలకు ప్రసిద్ధి. ఆ పేరులోనే కలం ఉంది. పారసీ భాషలో కలంకారీ అంటే కలంతో చేసే పని. అరబ్బీ ‘ఖలమ్’, మన తెలుగు ‘కలం’ ఒకే మాట.

వారి కలం సన్నటి వెదురు పుల్ల. మొన చెక్కి, దానికి కొంచెం పైన ఉన్ని లేదా గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట రంగును పీల్చుకుంటుంది. వేళ్ళతో మెల్లగా నొక్కితే రంగు మొనకు జారుతుంది. ఎంత నొక్కితే అంత రంగు. సిరాను తనలోనే నిలుపుకుని, కావలసినంతే వదలడమే కదా ఇంకు పెన్ను చేసే పని!

ఇక నలుపు. గుడ్డను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరవేస్తారు. వేరొక కుండలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీరు కలిపి వారాల తరబడి పులియబెడతారు. ఆ ద్రవం చూడడానికి అంత నల్లగా ఉండదు. కలంతో గుడ్డ మీద గీయగానే కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి నల్లబడతాయి. ఆ నలుపు నూలు పోగులోకి దిగిపోతుంది. పారే నీటిలో ఉతికినా పోదు.

ముస్లిం లేఖకులు శతాబ్దాలుగా వాడిన ఒక సిరా సరిగ్గా ఇదే సూత్రంతో తయారయ్యేది. వారికి ప్రధానంగా రెండు రకాల సిరా ఉండేది. దీపపు మసిని జిగురుతో కలిపి చేసేది మిదాద్, మాచికాయ వగరును అన్నభేదితో కలిపి చేసేది హిబ్ర్. అన్నభేది అంటే ఇనుప లవణమే. మాచికాయ మన ఇళ్ళలో అమ్మమ్మలు పసిపిల్లలకు అరగదీసి నాకించే కాయే. పాత పద్ధతిలో చేసిన నీలి-నలుపు సిరా ఈ హిబ్ర్‌కు వారసురాలు. రాసేటప్పుడు అక్షరం కనిపించడానికి అందులో నీలి రంగు కలుపుతారు. రోజులు గడిచేకొద్దీ గాలి తగిలి ఇనుము నల్లబడి కాగితపు పోగులలో స్థిరపడుతుంది. నీలం పోయినా నలుపు నిలుస్తుంది. బడి పిల్లల నీలి సిరాలో ఉండేది నీటిలో కరిగే రంగు మాత్రమే. అది కాగితం మీద కూర్చుంటుందే తప్ప లోపలికి దిగి స్థిరపడదు.

అయితే ఇనుము కలిసిన సిరాకు దాని బాధ దానికుంది. అందులోని ఆమ్లం ఉక్కు పాళీని తినేస్తుంది. పెన్నులో ఎండిపోతే గట్టిపడి దారులను మూసేస్తుంది. అందుకే దానిని వాడేవారికి కడిగే అలవాటు తప్పనిసరి. నేడు ‘నీలి-నలుపు’ అన్న పేరుతో వచ్చే సిరాలన్నీ ఇనుము కలిసినవి కావు. సీసా పేరును నమ్మడం కన్నా పరీక్షించడం మేలు. ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసి, రెండు రోజులు ఆరనిచ్చి, సగం కాగితాన్ని గంటసేపు నీటిలో ముంచండి. జవాబు మీకే తెలుస్తుంది.

చేతికి మరక అంటని కలం

సిరాను తనలోనే నింపుకునే కలం కావాలన్న కోరిక కూడా పాతదే. 10వ శతాబ్దపు ఫాతిమీ పాలకుడు అల్ ముయిజ్, వేళ్ళకు, బట్టలకు మరక అంటని కలం కావాలని కోరాడనీ, తలక్రిందులు చేసినా కారని, సిరా తనలోనే ఉండే కలాన్ని పనివారు చేసి ఇచ్చారనీ ఆయన ఆస్థాన న్యాయవేత్త ఖాజీ అల్ నుమాన్ రాసి ఉంచారు. ఆధునిక కాలంలో అమెరికాకు చెందిన లూయిస్ వాటర్‌మన్ 1884లో పొందిన పేటెంటుతో ఇంకు పెన్ను నమ్మదగిన సాధనమైంది. పాళీ అడుగున ఉండే పట్టీలోని సన్నటి గాట్ల గుండా సిరా క్రిందికి దిగుతుంది. దిగినంత మేరకు గాలి లోపలికి వెళుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం సరిగా సాగితేనే కలం సాఫీగా రాస్తుంది.

మన తెలుగు నేలకు ఈ కథలో గౌరవప్రదమైన స్థానముంది. స్వదేశీ ఉద్యమ కాలంలో రాజమండ్రిలో కె.వి.రత్నంగారు దేశీయంగా పెన్నుల తయారీకి పూనుకున్నారు. తనకు అందిన రత్నం పెన్నును వాడి చూసిన గాంధీజీ, బజారులో దొరికే విదేశీ పెన్నులకు అది మంచి ప్రత్యామ్నాయంగా కనిపిస్తోందని మెచ్చుకుంటూ 1935లో ఆయనకు లేఖ రాశారు. అబ్బాజాన్ పెన్ను కూడా రాజమండ్రిదే. రబ్బరును గంధకంతో గట్టిపరచి చేసిన ఎబొనైట్ కడ్డీని సానబట్టి చేసిన నల్లటి లావుపాటి పెన్ను. ఫిల్లరుతో నేరుగా పెన్ను కడుపులోకే సిరా పోస్తారు. ఇప్పుడది నా బల్ల మీద ఉంది.

మా ఇంటి అలవాట్లు

ఆ పెన్నుతో పాటు అబ్బాజాన్ అలవాట్లు కూడా నాకు సంక్రమించాయి. గురువారం సాయంత్రం అస్ర్ నమాజు తరువాత పెన్ను విప్పి, పాళీని, గాట్ల పట్టీని గోరువెచ్చని నీటిలో కడిగేవారు. నీరు తేటగా వచ్చేదాకా ఆగేవారు కారు. వేడినీరు ఎబొనైట్ మెరుపును చెడగొడుతుందని మాకు మరీ మరీ చెప్పేవారు. శుక్రవారం ఫజ్ర్ తరువాత సిరా నింపేవారు.

కడుపులో సిరా నాలుగో వంతుకు తగ్గకముందే మళ్ళీ పోసేవారు. సిరా తగ్గితే గాలి పెరుగుతుంది. చేతి వెచ్చదనానికి ఆ గాలి వ్యాకోచించి సిరాను బయటకు నెడుతుంది. అప్పుడే పెన్ను ‘కక్కుతుంది’. జేబులో పెన్ను కక్కి చొక్కా పాడైన అనుభవం మన పెద్దలలో చాలామందికి ఉండే ఉంటుంది. మూత తీసేటప్పుడు పాళీని పైకి పట్టుకోవడం, ప్రయాణంలో నిలువుగా పెట్టుకోవడం కూడా ఇందుకే.

ఆయన పెన్నును ఎవరికీ ఎరువు ఇచ్చేవారు కారు. అది పిసినారితనం కాదు. ఏళ్ళ తరబడి ఒకే కోణంలో రాసిన చేతికి పాళీ మొన అరిగి ఒదుగుతుంది. మరో చేతిలో పడితే గీరుకుంటుంది. కాబట్టి బ్యాంకులో ఎవరైనా పెన్ను అడిగితే ఇవ్వడానికి జేబులో ఒక బాల్ పెన్ను వేరుగా ఉంచుకునేవారు. ఎవరినీ ‘లేదు’ అని పంపకూడదన్నది ఆయన నియమం.

సిరా నింపిన తరువాత పెన్ను రాస్తుందో లేదో చూడడానికి చాలామంది పవిత్ర నామాలు రాస్తారు. ఆయన మాత్రం రెండు అడ్డగీతలు గీసేవారు. ఆ చిత్తుకాగితం చివరికి చెత్తబుట్టలోకే పోతుంది కదా, అల్లాహ్ పేరు అక్కడికి పోరాదని మమ్మల్ని వారించేవారు.

రెండు భాషలలో రాసే ఇంట్లో పాళీల ముచ్చట కూడా వేరుగా ఉంటుంది. తెలుగు అక్షరాలు గుండ్రనివి. చిన్న గీతలో ఒత్తులు, గుడులు ఇమడాలంటే సన్నటి పాళీ కావాలి. ఉర్దూ నస్తాలీఖ్ లిపికి లావు, సన్నం తేడాలే అందం కాబట్టి ఏటవాలుగా కోసిన వెడల్పు పాళీ కావాలి. కుడి నుంచి ఎడమకు రాసేటప్పుడు చేయి తడి అక్షరాల వైపే ఆనుతుంది. అందుకే ఉర్దూ ఉత్తరం రాసేటప్పుడు అరచేతి క్రింద అద్దుడు కాగితం పెట్టుకునేవారు. మా చిన్నప్పుడు బడిలో దానికి బదులు సుద్దముక్క అద్దేవాళ్ళం. పాళీని జుట్టుకు తుడుచుకుని అమ్మీ చేత చీవాట్లు తినేవాళ్ళం.

మనకు పొరుగున చెన్నైలో 1927లో మొదలైన ‘ది ముసల్మాన్’ ఉర్దూ దినపత్రికను దశాబ్దాల పాటు కాతిబ్‌లు కలంతో చేతిరాతలోనే సిద్ధం చేశారు. ఆఖరి నిమిషపు వార్త కోసం మొదటి పుటలో ఒక మూల ఖాళీగా ఉంచేవారు. పెద్ద తప్పు దొర్లితే మొత్తం పుట తిరిగి రాయవలసిందే. తుడిచేయడం తేలిక కాదని తెలిసినవాడు రాసే ముందే ఆలోచిస్తాడు. ఇంకు పెన్ను నేర్పే మొదటి పాఠం కూడా అదే.

మిగిలిపోయిన ఒక అంకె

ఆ నానిన రెండు పుటల సంగతికి వస్తాను. బాల్ పెన్నుతో రాసి ఉంటే కాగితం మీద నొక్కు అయినా మిగిలేది. ఏటవాలుగా దీపం పట్టి చదివేవాళ్ళం. ఇంకు పెన్ను కాగితాన్ని నొక్కదు, తాకుతుంది అంతే. సిరా పోతే ఆనవాలు కూడా పోతుంది. దీపం పట్టి చూసినా మాకు దక్కింది మడతలో దాగిన ఒక అంకె మాత్రమే. రూ. 3,500. ఎదురుగా పేరు లేదు.

మృతుని ఆస్తి పంచుకోవడానికి ముందు అతని అప్పులు తీర్చాలన్నది అన్నిసా సూరా ఆదేశం. ఒక సహచరుని జనాజా వచ్చినప్పుడు అతనికి అప్పు ఉందని తెలిసి దైవప్రవక్త (స) స్వయంగా నమాజు చేయించడానికి ముందుకు రాలేదనీ, హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పును తనపై వేసుకున్న తరువాతే చేయించారనీ హదీసులు చెబుతున్నాయి. అది తెలిసిన మాకు నిద్ర పట్టలేదు.

రెండు వారాలు జుమా తరువాత మసీదులో మళ్ళీ ప్రకటించాము. అబ్బాజాన్‌తో లావాదేవీలు ఉన్న అందరి ఇళ్ళకూ వెళ్ళాము. ఒక బట్టల టోకు వ్యాపారి తన సొంత పద్దు తెరిచి చూపి, “మీ అబ్బా తీర్చేశారు బాబూ, నాకు ఒక్క రూపాయి కూడా రావలసినది లేదు” అన్నారు. మా వీధి చివర ఉండే ఒక ఖాలా సంకోచిస్తూ వచ్చి, “బేటా, నా దగ్గర ఐదు వేలు తీసుకున్నారు. కాగితం లేదు. మీరు నమ్మకపోతే నేనేమీ అనుకోను” అన్నారు. అన్నగారు ఆమె మాట పూర్తి కాకముందే లోపలికి వెళ్ళి డబ్బు తెచ్చి చేతిలో పెట్టారు.

ఆ 3,500 రూపాయల మనిషి మాత్రం దొరకలేదు. మా ఇమామ్ సాబ్‌ను అడిగాము. “వెతకడం మానవద్దు. దొరకడన్న నిర్ధారణకు వచ్చినప్పుడు ఆ మొత్తాన్ని అతని పేరిట సదఖా చేయండి. పుణ్యం అతనికి చేరాలని సంకల్పించండి. ఎప్పుడైనా వచ్చి అడిగితే మాత్రం అతని సొమ్ము అతనికి ఇవ్వవలసిందే” అన్నారు. ఏడాది వెతికి, అలాగే చేశాము. అయినా ఆ మొత్తాన్ని ఒక కవరులో వేరుగా పెట్టి ఉంచాము. కవరు మీద అన్నగారు అబ్బాజాన్ పెన్నుతోనే, నిలిచే సిరాతో విషయమంతా రాశారు. మా తరువాత పిల్లలైనా చదవాలి కదా.

కలంలో ఏ సిరా పోస్తున్నామన్నది మనకు చిన్న విషయంగా తోస్తుంది. కానీ మనం రాసే కొన్ని అక్షరాలు మన కోసం కావు, మన తరువాతి వారి కోసం. అప్పు, వీలునామా, ఎవరో మనకు అప్పగించిన అమానతు వివరాలు అలాంటివి. అందుకే మా ఇంట్లో ఇప్పుడు రెండు సీసాలున్నాయి. పిల్లల బడి రాతకు ఉతికితే పోయే నీలం, లెక్కలకు నీటికి చెరగని నలుపు. రెండో సీసా మీద ‘అమానతు’ అని చీటీ అంటించాము. అప్పు రాసిన ప్రతిసారీ తేదీ వేస్తాము, ఇద్దరు సాక్షుల పేర్లు రాస్తాము, నకలు మరో ఇంట్లో ఉంచుతాము.

ఈ శుక్రవారం మీరు కూడా మీ ఇంటి లెక్కల పుస్తకం ఒకసారి తెరచి చూడండి. అందులోని అక్షరాలు ఏ సిరాతో రాసినవో, మీరు లేనప్పుడు మీ బిడ్డలు వాటిని చదవగలరో లేదో పరీక్షించుకోండి. అసలు పుస్తకమే లేకపోతే కలం చేతబట్టి ఈ రోజే మొదలుపెట్టండి. సిరా చెరిగిపోవచ్చు, కానీ అల్లాహ్ దగ్గర ఉన్న పద్దులో ఏ అక్షరమూ చెరగదు.